పక్కింటి ఓవెన్

వాకింగ్‌కి వెళ్ళొచ్చిన మనిషి దగ్గర చెమట వాసన రావాలి గానీ, వెన్న కాగిన వాసన వస్తుందా? వారం రోజులుగా మంగాదేవిని ఈ అనుమానం తొలిచేస్తోంది. కోడలు జుజానా తెల్లారీ తెల్లారకుండానే బూట్లు వేసుకుని బయటపడుతుంది, ఎండెక్కేవేళకి తిరిగొస్తుంది. జుట్టు చెదరదు, బూట్లకి మట్టి అంటదు, మొహం మాత్రం పొయ్యి ముందు నించున్నట్టు కందిపోయి ఉంటుంది. నిన్నయితే మోచేతి దగ్గర తెల్లగా పిండి కూడా కనబడింది. అడిగితే సన్‌స్క్రీన్ అంది. మంగాదేవి నిడదవోలులో పుట్టి పెరిగిన మనిషే కావచ్చు, కానీ మైదాపిండికీ సన్‌స్క్రీన్‌కీ తేడా తెలియనంత అమాయకురాలేం కాదు.

ఆ రోజు డిసెంబరు ఇరవైనాలుగు. ఆక్లాండ్‌కి దక్షిణాన ఉన్న ఈ హామిల్టన్‌లో డిసెంబరంటే నడివేసవి. మబ్బు తునక లేదు, పొద్దున్నే ఎండ వెనక డెక్ మీదికి వచ్చేసింది. కుండీలో కరివేపాకు మొక్కకి నీళ్ళు పోస్తున్న మంగాదేవి పక్క గేటు చప్పుడు విని తలెత్తింది.

"ఎంతదూరం వెళ్ళావమ్మా ఇవాళ?"

"లేక్ దాకా అండీ," అంది జుజానా, చెప్పులు వెతుక్కుంటున్నట్టు కిందికి చూస్తూ.

"లేక్ దాకా వెళ్ళి అప్పుడే వచ్చేశావా?"

"ఫాస్ట్‌గా నడిచానండీ."

జుజానా తెలుగు ముక్కలన్నీ మామగారు శ్రీనివాసమూర్తి దగ్గర నేర్చుకుంది. ఆయన నేర్పిన 'అండీ'ని ఎక్కడ పెట్టాలో, ఎక్కడ తీసెయ్యాలో మాత్రం పన్నెండేళ్ళయినా ఆమెకి పట్టుబడలేదు. కన్నకూతురు నిహారికని కూడా "పాలు తాగండీ" అంటుంది. ఆ పిల్ల నవ్వి నవ్వి పాలు ఒలకబోస్తుంది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఇదో వేడుక. ఆయన జూన్ నెల చలిలో, నిద్రలోనే, గుండె ఆగి వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచీ ఈ ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వినట్టు లేదు. మంగాదేవి బాధ ఒకటి కాదు. ఈ దేశంలో ఏదీ పద్ధతిగా జరగలేదని ఆమెకి కడుపులో మంట. పదోరోజు నది ఒడ్డున పిండం పెడితే ఒక్క కాకి రాలేదు. అసలు ఈ దేశంలో కాకులుంటే కదా! బాతులొచ్చి తినేసి పోయాయి. పదకొండో రోజు తర్వాత చిన్నకొడుకు కృష్ణచైతన్య లాప్‌టాప్ తెరిచి మీటింగులో కూర్చున్నాడు. ఇక ఆమె చేతిలో మిగిలింది ఒక్కటే. సంవత్సరీకం అయ్యేదాకా ఇంట్లో పండగ లేదు, పిండివంట లేదు. ఆ నియమాన్ని ఆమె పంతంగా పట్టుకుంది. దసరాకి పులిహోర కలపలేదు, దీపావళికి గుమ్మంలో దీపం పెట్టలేదు.

జుజానా కూడా దేనికీ ఎదురు చెప్పలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ నవంబరు ఆఖర్లో ఒకరోజు వంటింట్లో అటూ ఇటూ తచ్చాడి, చివరికి అడిగింది.

"అత్తయ్యగారూ, క్రిస్మస్‌కి నేను కుకీస్ చెయ్యొచ్చాండీ?"

జుజానా తండ్రి స్లొవాకియా మనిషి, తల్లిది స్లొవేనియా. ఆ రెండు దేశాల పేర్లూ మంగాదేవికి ఇప్పటికీ కలగాపులగమే. ఇద్దరూ పోయారు, తోబుట్టువులు లేరు. హామిల్టన్ యూనివర్సిటీకి చదువుకోవడానికి వచ్చిన పిల్ల ఇక్కడే చైతన్యని చేసుకుని ఉండిపోయింది. పుట్టింటి నుంచి ఆమెతో వచ్చినదల్లా ఈ డిసెంబరు వంటా, దానికోసం తల్లి వాడిన చేతిమిల్లూ, అంతే. వెన్నా, క్రీమ్ చీజూ, మైదా కలిపిన ముద్దని రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే పల్చగా వత్తి, లోపల కూరడానికి వాల్‌నట్ పొడి ఒకరకం, ఆప్రికాట్ జామ్ ఒకరకం, రేగిపళ్ళలాంటి ప్లమ్స్ ఉడకేసిన గుజ్జు ఒకరకం, గసగసాల ముద్ద ఒకరకం. కొన్ని నెలవంకల్లా ఉంటాయి, కొన్ని జేబురుమాలు మడతల్లా ఉంటాయి. ఏటా రేకు డబ్బాలకి డబ్బాలు నిండేవి.

"ఈ ఏడు ఈ ఇంట్లో ఓవెన్‌లో ఏదీ పెట్టద్దమ్మా," అంది మంగాదేవి ఆ రోజు. "బయటివాళ్ళెవరైనా చేసి తెచ్చిస్తే అది వేరు. దానికి దోషం లేదు. మనింట్లో మాత్రం కూడదు."

"బయట చేస్తే దోషం లేదాండీ?"

"లేదు," అని మంగాదేవి పప్పు పోపులో పడిపోయింది. ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

*

కాఫీలు అయ్యాక డోర్‌బెల్ మోగింది. పక్కింటి సుమింత్ర. ఆమె ముత్తాతలు ఎప్పుడో విశాఖపట్నం నుంచి చెరుకు తోటల పనికి ఫిజీ వెళ్ళారట. ఆమె అక్కణ్ణుంచి ఇక్కడికొచ్చి స్థిరపడింది. ఆమె తెలుగులో సగం హిందీ ఉంటుంది, మనసు మాత్రం వెన్న.

"రామ్ రామ్ దీదీ! మీ బహూ ఇది మా కిచెన్‌లోనే మర్చిపోయింది. మీకు రొట్టెలకి కావాలేమో అని తెచ్చినాను," అంటూ ఆమె ఒక అప్పడాల కర్ర చేతిలో పెట్టింది.

మంగాదేవి దానికేసి చూసింది. అది తన కర్రే. నిడదవోలు నుంచి చీరల మధ్య పెట్టుకుని తెచ్చుకున్నది. దాని సందుల్లో ఇంకా పిండి అంటుకుని ఉంది.

"మీ కిచెన్‌లోనా?"

"ఏం పని దీదీ మీ బహూది! తెల్లారేసరికి వచ్చేస్తుంది, ఎండ వస్తే వెన్న జారిపోతుందని. నా ఇల్లంతా మంచి వాసన. నా ఓవెన్ ఎప్పుడూ అంత సుఖపడలేదు!" అని నవ్వుతూ సుమింత్ర వెళ్ళిపోయింది. తను ఏం పేల్చి వెళ్ళిందో పాపం ఆమెకి తెలీదు.

మంగాదేవి వంటింట్లోకి వచ్చింది. సెలవు కాబట్టి చైతన్య తీరిగ్గా బ్రెడ్డు కాల్చుకుంటున్నాడు. నిహారిక బల్ల దగ్గర కూర్చుని ఫోన్ చూస్తోంది. జుజానా సింక్ దగ్గర ఉంది. మంగాదేవి అప్పడాల కర్రని బల్ల మీద పెట్టింది. పెట్టిందంటే పెట్టడమే, కొట్టలేదు. అయినా అందరూ ఉలిక్కిపడ్డారు.

"లేక్ బాగుందా అమ్మా?" అంది.

జుజానా పంపు కట్టేసి ఇటు తిరిగింది.

"అత్తయ్యగారూ... మీరే చెప్పారు కదండీ. ఇంట్లో వద్దు, బయట అయితే దోషం లేదు అని."

"బయటివాళ్ళు తెచ్చిస్తే అన్నాను! చావు ఇంట్లో పొయ్యి వెలగదని చుట్టాలు తెచ్చిపెడతారే, అదీ నేను చెప్పింది. నువ్వే పక్కింటికి పోయి నీ చేతుల్తో చేసుకు రమ్మన్నానా? మైల ఓవెన్‌కి పట్టిందనుకున్నావా? పట్టింది మనకి, మనుషులకి!"

"అమ్మా, తనకి తెలీక చేసింది. వదిలెయ్యి," అన్నాడు చైతన్య. "ఏదో నాలుగు కుకీలు, అంతే కదా."

"అంతే కదా! నీకన్నీ అంతే కదా రా. మీ నాన్న పోతే అంతే కదా. ఆయన కుర్చీ తీసికెళ్ళి గరాజ్‌లో పడేశావు, అంతే కదా. కళ్ళజోడూ మందుల డబ్బా అట్టపెట్టెలో పెట్టి టేపు వేసేశావు, అంతే కదా. ఈ ఇంట్లో ఆయన పేరు వినబడి ఎన్నాళ్ళయింది?"

"పేరెత్తితే నువ్వు ఏడుస్తావని ఎత్తడం లేదమ్మా!"

"నేను ఏడిస్తే నీకేం నష్టం రా?"

టోస్టర్‌లో బ్రెడ్డు మాడుతోంది, ఎవరూ తియ్యలేదు.

"నానమ్మా, నాట్ ఫెయిర్," అంది నిహారిక ఏడుపు గొంతుతో. "నాకు ఒక్కటి కూడా ఇవ్వలేదు తెలుసా. ఆప్రికాట్‌వి ఈ ఇయర్ చెయ్యనంది అమ్మ. యూ ఆర్ బీయింగ్ మీన్."

"నువ్వుండవే, పెద్దవాళ్ళ మధ్యలో!" అని కసిరింది మంగాదేవి. ఆ పిల్ల ఏమందో ఆమె చెవికెక్కలేదు. కోడలివైపు తిరిగింది. "ఆయన పోయి ఆర్నెల్లు. ఆర్నెల్లకే నీకు పండగ కావలసొచ్చింది. అదీ నా కళ్ళు కప్పి, ఊరందరికీ తెలిసేలాగా."

"ఇది పండగ కాదండీ," అంది జుజానా మెల్లగా.

"పండగ కాకపోతే మరేమిటి?"

జుజానా నోరు తెరిచింది. చైతన్యకేసి చూసింది. అతను కళ్ళతోనే వద్దన్నాడు. తడి చేతులు గౌనుకి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. మనసులో ఉన్నది ఏ భాషలో ఉందో ఏమో, బయటికి మాత్రం రాలేదు.

"సాయంత్రం చెప్తానండీ. ఇప్పుడు... నాకు మాటలు లేవండీ."

"సాయంత్రం దాకా నేను ఈ ఇంట్లో ఉంటే కదా చెప్పడానికి!"

అన్నంత పనీ చేసింది. ఆక్లాండ్‌లో, ఫ్లాట్ బుష్‌లో ఉన్న పెద్దకొడుకు ఉదయభాస్కర్‌కి అక్కడే, అందరి ముందే ఫోన్ చేసింది.

"భాస్కరం, నువ్వు బయల్దేరి రా. నన్ను తీసుకుపో. ఇంక నేను ఇక్కడికి తిరిగి రాను."

"ఏమైందమ్మా? ఇవాళ మోటర్‌వే అంతా జామ్..."

"నువ్వొస్తావా, ఊబర్‌కి చెప్పమంటావా?"

"అయ్యో అమ్మా, వద్దొద్దు. వస్తున్నా."

జుజానా ఒక్కసారి గోడకి ఆనుకుంది. ఆమెకి ఈ భూమ్మీద పెద్దదిక్కు అంటూ మిగిలింది ఈ అత్తగారొక్కతే. మంగాదేవికి మాత్రం ఏం సంతోషంగా ఉందా? ఆయన ఆఖరిసారి దుప్పటి కప్పుకున్న గది ఈ ఇంట్లోనే ఉంది. దాన్ని వదిలి పోవడమంటే ఆయన్ని రెండోసారి వదులుకోవడమే. అది తెలిసీ నోరు జారింది, జారాక వెనక్కి తీసుకోలేకపోయింది. మనిషి గట్టిదే గానీ, కోపంలో అన్న మాట దగ్గర మాత్రం ఎప్పుడూ ఓడిపోతుంది.

*

సూట్‌కేసు గరాజ్‌లో ఉంది. చైతన్యని తెమ్మని అడగడానికి అభిమానం అడ్డొచ్చి, తనే వెళ్ళింది.

వాళ్ళ గరాజ్‌లో కారు పెట్టిన రోజు లేదు. గడ్డికోసే మెషీను, రెండో ఫ్రిజ్, చైతన్య క్రికెట్ కిట్, అట్టపెట్టెలు. లైటు వేసి, సూట్‌కేసుల కోసం లోపలికి నడిచిన మంగాదేవి ఫ్రిజ్ పక్కన ఆగిపోయింది.

అక్కడ మడతబల్ల ఒకటి వేసి ఉంది. దాని మీద ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ. గుడ్డ మీద శ్రీనివాసమూర్తి అన్నం తినే స్టీలు పళ్ళెం, నీళ్ళ గ్లాసు, ఇంకా వెలిగించని కొవ్వొత్తి. బల్ల ముందు ఆయన కుర్చీ. దుమ్ము తుడిచి, వీపు ఆనేచోట ఆయన కండువా మడతపెట్టి వేసి ఉంది. ఎవరో ఇప్పుడే లోపలికొచ్చి కూర్చుంటారన్నట్టు కుర్చీ కాస్త వెనక్కి లాగి ఉంది.

మంగాదేవి దగ్గరికి వెళ్ళింది. పళ్ళెం పక్కన రేకు డబ్బా ఉంది. మూత తీసింది.

ఏటా చూసే డబ్బానే, కానీ ఏటా చూసే రంగులు లేవు. పసుపుపచ్చ ఆప్రికాట్ జామ్ లేదు, పంచదార పొడి చల్లిన నెలవంకలు లేవు, గుడ్డుసొన రాసిన మెరుపు లేదు. వరసలు వరసలుగా ఒక్కటే రకం. చిన్న చిన్న చుట్టలు, రెండు కొసల్లోంచీ నల్లటి గసగసాల ముద్ద కనబడుతోంది. ఆ రకం ఈ ఇంట్లో ఎవరూ ముట్టరు. ఇసక తిన్నట్టుంటుందంటుంది నిహారిక. పళ్ళలో ఇరుక్కుంటుందంటాడు చైతన్య. నల్లగా ఉందని మంగాదేవి రుచి కూడా చూడలేదు. ఇష్టంగా తినేది ఒక్క ఆయనే. ఆయన గుడ్డు తినడని గుడ్డు లేకుండా ఆయన కోసం విడిగా చేసేది జుజానా.

పండగ చేసుకునే తల్లి కన్నకూతురికి ఇష్టమైనవి మానేసి, పోయిన మామగారికి ఇష్టమైనవి మాత్రమే చేస్తుందా? పోయినవాళ్ళకి నచ్చిన కూర వండి, విస్తట్లో ముందు వాళ్ళకి వడ్డించడం మంగాదేవికి కొత్త కాదు. అత్తగారి తద్దినానికి ఏటా పనసపొట్టు కూర వెతికి వెతికి వండిన మనిషి. ఆమెకి ఎవరూ వివరించి చెప్పక్కర్లేకపోయింది. డబ్బా మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

వెనక అడుగుల చప్పుడైంది. జుజానా గుమ్మంలోనే ఆగింది, లోపలికి రావడానికి భయపడుతూ.

"ఇది ఎవరికే?" అంది మంగాదేవి, తెలిసినా.

"మావయ్యగారికండీ."

"రా ఇలా. భయపడకు. చెప్పు."

జుజానా వచ్చి బల్లకి అవతల నిలబడింది. ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ చెప్పింది.

"మా ఇంట్లో క్రిస్మస్ ముందురోజు, ఆ ఏడు ఎవరైనా పోతే వాళ్ళకి ప్లేట్ పెడతామండీ. కుర్చీ వేస్తాము. ప్లేట్ ఖాళీగా ఉండకూడదు. మనం మర్చిపోయాం అని వాళ్ళు అనుకుంటారు. మా అమ్మ పోతే నాన్న పెట్టారు. నాన్న పోతే నేను పెట్టానండీ, ఈ ఇంట్లోనే. అప్పుడు మీరు ఫ్లాట్ బుష్ వెళ్ళారు. మావయ్యగారు ఒక్కరే నా పక్కన కూర్చున్నారు. 'నాకూ పెడతావా అమ్మాయ్' అన్నారు. నేను నవ్వానండీ. నవ్వి, పెడతాను అన్నాను."

ఆ మాట అని, బల్ల మీద గుడ్డ అంచు సరిచేసింది.

"పొద్దున్నే ఈ ముక్క చెప్తే నోరు పడిపోతుందా నీకు?" అంది మంగాదేవి. ఆ గొంతులో కోపం ఎంతుందో ఏడుపూ అంతే ఉంది.

"చైతూ వద్దన్నారండీ, మావయ్యగారి పేరు చెప్తే మీకు ఒంట్లో బాగోదని. ఇంట్లో పెడితే మీకు దోషం. ఇంట్లో చేస్తే దోషం. అందుకే అక్కడ చేసి, ఇక్కడ పెట్టానండీ. సాయంత్రం మిమ్మల్ని పిలుద్దామనుకున్నాను. ధైర్యం వస్తే."

మంగాదేవి కుర్చీ మీద కండువాని వేళ్ళతో తడిమింది. ఆరునెలలుగా ఈ ఇంట్లో ఆయన్ని తలుచుకుంటున్నది తనొక్కతే అనుకుంది. రాత్రిళ్ళు దిండులో మొహం దాచుకుని, మిగతా అందరి మీదా కసి పెంచుకుంది. ఇక్కడ ఈ పిల్ల, ఏ దేశంలోనో పుట్టిన పిల్ల, ఆయనకిచ్చిన మాట కోసం వారం రోజులు దొంగలా తెల్లవారుజామునే గేటు దాటి వెళ్ళింది. ఆ తలపుకి మంగాదేవికి సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

"ఈ నల్లవాటిల్లో ఏం కనబడిందే ఆయనకి?" అంది కళ్ళు ఒత్తుకుంటూ.

"మా అమ్మ మిల్లు ఉంది కదండీ, చేత్తో తిప్పేది. ఈ కుర్చీలోనే కూర్చుని గసగసాలు వేసి తిప్పేవారు. నిడదవోలు కబుర్లు చెప్పేవారు. తెలుగంతా నాకు అలాగే వచ్చిందండీ. అయిపోయాక, మిల్లు తిప్పిన కూలీ ఇవ్వవా అని చెయ్యి చాపేవారు."

"ఇచ్చేదానివా?"

జుజానా తటపటాయించింది. "రెండు ఇచ్చేదాన్నండీ. మీకు చెప్పద్దన్నారు."

"రెండా! అమ్మ దొంగా! ఇంట్లో పంచదార డబ్బా నేను బీరువాలో పెట్టి తాళం వేస్తుంటే, మీరిద్దరూ ఇక్కడ చేరి..." మంగాదేవికి నవ్వొచ్చేసింది. ఆరునెలల తర్వాత వచ్చిన నవ్వు, అదీ ఆయన మీదే. నవ్వుతూనే బల్ల అంచు పట్టుకుంది.

కాసేపటికి తేరుకుని పళ్ళెం చేతుల్లోకి తీసుకుంది.

"ఆ డబ్బా పట్టుకో. చైతన్యని కేకేసి కుర్చీ లోపలికి తెమ్మను."

"లోపలికాండీ? మీ దోషం..."

"పండగకి వంట కూడదన్నాను గానీ, పోయినవాళ్ళకి పెట్టేది కూడదన్నానా? ఈ ఇంటి పెద్దని గడ్డికోసే మెషీను పక్కన కూర్చోబెట్టి పెడతావా నువ్వు? పద లోపలికి."

*

ఉదయభాస్కర్ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మోటర్‌వే మీద నానా తిప్పలూ పడి, తమ్ముడికి ఏమేం చెప్పాలో దారిపొడుగునా అనుకుంటూ వచ్చినవాడు, డైనింగ్ టేబుల్ దగ్గర గతుక్కుమని ఆగిపోయాడు. తండ్రి కుర్చీ దాని పాత చోట ఉంది. కుర్చీ ముందు పళ్ళెం, వెలుగుతున్న కొవ్వొత్తి. చైతన్య తల వంచుకుని అట్టపెట్టెకి వేసిన టేపు చింపుతున్నాడు. నిహారిక తాతయ్య కళ్ళజోడు అద్దాలు తుడుస్తోంది.

"అమ్మా... బ్యాగ్ సర్దుకున్నావా?" అన్నాడు అనుమానంగా.

"సర్దలేదు. సర్దను. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చో, మీ నాన్నకి పెడుతున్నాం."

"పెడుతున్నామా? మాసికం మొన్ననే కదా..."

"ఇది మా కోడలి పద్ధతి. ప్రశ్నలెయ్యకుండా కూర్చోరా," అంది మంగాదేవి. భాస్కర్ తమ్ముడికేసి చూశాడు. తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు. భాస్కర్ వెళ్ళి చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"మొదటి చుక్క కనబడ్డాక తినాలండీ మాకు," అంది జుజానా మొహమాటంగా.

"ఇక్కడ చుక్క పొడిచేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. ఆయన అంతసేపు ఆకలికి ఓర్చుకునే మనిషా? మీ దేవుడికి నేను చెప్పుకుంటాలే."

మంగాదేవి డబ్బాలోంచి గసగసాల చుట్టలు రెండు తీసి పళ్ళెంలో పెట్టింది. రెండే. పెట్టి చేతులు జోడించింది. ఏం చెప్పుకుందో గాని పెదాలు కదిలాయి. తర్వాత అందరికీ తలా ఒకటి ఇచ్చి, తనూ ఒకటి తీసుకుంది. ఇన్నేళ్ళకి మొదటిసారి కొరికింది. పైపొర కరకరమంటూ పొడిపొడిగా రాలింది. లోపల గసగసాలు మెత్తగా, కమ్మగా ఉన్నాయి. ఇంకోసారి నమిలి భృకుటి ముడిచింది.

"కమ్మగానే ఉంది గానీ చప్పగా ఉందేమిటే? పంచదార మర్చిపోయావా హడావుడిలో?"

"మర్చిపోలేదండీ. మావయ్యగారికి షుగర్ కదండీ, ఆయనవాటికి ఎప్పుడూ సగమే వేస్తాను. ఈసారి కూడా..." జుజానా తన చేతికేసి చూసుకుంది. "ఎక్కువ వెయ్యడానికి చెయ్యి రాలేదండీ."

మంగాదేవి చేతిలో సగం కొరికిన చుట్ట అలాగే ఉంది.

"పోయిన మనిషికి ఇంక షుగరేమిటే పిచ్చితల్లీ..."

అంతే. ఇంక ఆగలేదు. జూన్ నుంచి దిండులో దాచుకున్న ఏడుపంతా పెద్దగా, పల్లెటూరి మనిషి ఏడ్చినట్టు, సిగ్గు విడిచి బయటికొచ్చింది. జుజానాని మెడ పట్టుకుని గుండెకి లాక్కుంది. ఆ పిల్ల కూడా ఆమె పైటలో మొహం దాచుకుని భోరుమంది. భాస్కర్ పక్కకి తిరిగి కళ్ళజోడు తీశాడు. చైతన్య ఆరునెలల తర్వాత "నాన్నా" అని పైకి అన్నాడు, అని బల్ల మీద తల వాల్చేశాడు. నిహారిక లేచి వచ్చి ఎవర్ని పట్టుకోవాలో తెలియక అందర్నీ కలిపి పట్టుకుంది.

చాలాసేపటికి జుజానా పైటలోంచి తల ఎత్తకుండానే అంది.

"వచ్చే ఏడు పంచదార ఎక్కువ వేస్తానండీ."

"వెయ్యవే. ఈసారి నేనే దగ్గరుండి కొలిచి పోస్తాను," అంది మంగాదేవి, ముక్కు చీదుకుంటూ.